సినిమా బాగుందా బాబూ?

మా అమ్మకి మా ఇంట్లో ఒక సినిమా బాకీ ఉండేది. బాకీ పడ్డది మా నాన్న. తీర్చవలసి వచ్చింది నేను. ముప్పై అయిదేళ్ల పాత బాకీ అది. ఈ మధ్యనే తీర్చాను. అయితే ఆ బాకీ తీర్చడానికి వెళ్లినచోట నాకు నా సొంత బాకీ ఒకటి గుర్తొచ్చింది. ఆ రెండు బాకీల కథే ఇది!

1990 మే 9. ఈ తేదీ చెప్పగానే చిరంజీవి అభిమానులకు 'జగదేకవీరుడు అతిలోకసుందరి' గుర్తొస్తుంది. మా రేపల్లె వైపు వాళ్లకి మాత్రం తుపాను గుర్తొస్తుంది. రెండూ ఒకే రోజున వచ్చాయి మరి! సినిమా హాళ్లలోకి వస్తే, తుపాను మా మీదికి వచ్చింది. కృష్ణానది సముద్రంలో కలిసే ప్రాంతానికి దగ్గర్లో తీరం దాటింది. తొమ్మిది వందల మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు.

అప్పటికి మా అమ్మానాన్నల పెళ్లయి ఏడాది కూడా కాలేదు. నేనింకా అమ్మ కడుపులో ఉన్నాను. నాన్నకి చిరంజీవి అంటే పిచ్చి. అమ్మకి శ్రీదేవి అంటే ప్రాణం. ఇద్దరూ ఒకే చిత్రంలో! పైగా రాఘవేంద్రరావు దర్శకత్వం, ఇళయరాజా సంగీతం, జంధ్యాల మాటలు. ఇంకేం కావాలి? రైలెక్కించి తెనాలి తీసుకెళ్లి మొదటిరోజే చూపిస్తానని నాన్న మాటిచ్చేశారు.

తెనాలి ఎందుకంటారా? ఆ రోజుల్లో కొత్త బొమ్మ ఇప్పట్లా అన్ని ఊళ్లలోనూ ఒకేసారి పడేది కాదు. డబ్బాల్లో రీళ్లు రావాలి. రీలుకి వెయ్యి అడుగులు, అంటే పదకొండు నిమిషాల బొమ్మ. రెండున్నర గంటల చిత్రమంటే పద్నాలుగు రీళ్లు. అంత బరువైన ప్రింట్లు ముందు పెద్ద ఊళ్లకే వెళ్లేవి. చిన్న ఊళ్లకి చేరేసరికి ప్రింటు అరిగి, హీరో మొహం మీద కూడా వాన కురుస్తూ ఉండేది!

ఆసారి నిజం వానే కురిసింది. ముందురోజు నుంచే ముసురు. ఇస్త్రీ చేయించి పెట్టుకున్న చీర పెట్టెలోనే ఉండిపోయింది. ఇంటి మీద సగం పెంకులు ఎగిరిపోయాయి. ఇక సినిమా ఎక్కడిది? తెరిపి ఇచ్చి, ఇల్లు బాగుచేసుకుని, నేను పుట్టి, చంటిపిల్లాడితో హాలుకేం వెళ్తాంలే అనుకుని... అంతే, బొమ్మ వెళ్లిపోయింది. వానల్లోనూ వరదల్లోనూ జనం విరగబడి చూసి ఆ సినిమాని ఎంత పెద్ద హిట్ చేశారో మీకు తెలుసు. ఆ విరగబడిన జనంలో మా అమ్మ లేదు.

తర్వాత టీవీలో ఎన్నిసార్లో వచ్చింది. వచ్చినప్పుడల్లా అమ్మ చూసేది. నాన్న మాత్రం, "టీవీలో చూసిన లెక్క లెక్క కాదే. ఎప్పటికైనా హైదరాబాదులో పెద్ద హాల్లో చూపిస్తా. బాకీ రాసుకో!" అనేవారు. 2018 ఫిబ్రవరిలో శ్రీదేవి కన్నుమూసినప్పుడు అమ్మ రెండు రోజులు టీవీ ముందునుంచి లేవలేదు. అప్పుడూ నాన్న అదే మాట అన్నారు. ఆ తర్వాత రెండేళ్లకి ఆయనా వెళ్లిపోయారు. వదిలివెళ్లిన వాటిల్లో ఒక పాత డైరీ ఉంది. దాన్నిండా చిరిగిన సినిమా టిక్కెట్టు ముక్కలు! ఒక్కోదాని పక్కన తేదీ, హాలు పేరు, ఎవరితో కలిసి చూశారో కూడా రాసుకున్నారు.

*

2022 ఆగస్టులో మహేష్‌బాబు పుట్టినరోజుకి 'పోకిరి' మళ్లీ వేసినప్పటి నుంచి మన దగ్గర రీ-రిలీజుల గాలి వీస్తోంది కదా. ఆ ఏడాది చివరి రోజున 'ఖుషి' వచ్చింది. ఆ వరసలోనే 2025 మే 9న, సరిగ్గా ముప్పై అయిదేళ్లకి, 'జగదేకవీరుడు అతిలోకసుందరి' మళ్లీ హాళ్లలోకి వస్తోందని తెలిసింది. అమ్మ అప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో నా దగ్గరే ఉంది.

వెంటనే టిక్కెట్లు తీసేశాననుకుంటున్నారా? లేదండీ. రెండు రోజులు వెనకాడాను. అందుకు రెండు కారణాలున్నాయి.

మొదటిది మీకందరికీ తెలిసిందే. 2024 డిసెంబరు 4 రాత్రి, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో 'పుష్ప 2' ప్రీమియర్ వేళ తొక్కిసలాట జరిగింది. కుటుంబంతో సినిమాకి వచ్చిన ఒక తల్లి ప్రాణాలు వదిలింది. ఆమె చిన్న కొడుకు నెలల తరబడి ఆసుపత్రిలో ఉన్నాడు. ఒక తల్లి, ఒక కొడుకు! నేనేమో మా అమ్మని తీసుకుని మళ్లీ అదే క్రాస్‌రోడ్స్‌కి వెళ్లాలి.

రెండోది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

నేను గుంటూరులో డిగ్రీ చదివే రోజులు. ఓ పెద్ద హీరో సినిమా, మొదటిరోజు, మార్నింగ్ షో. హీరో పేరూ హాలు పేరూ ఎందుకు లెండి, తప్పు చేసింది నేను. ఇనప కడ్డీల మధ్య క్యూలో గంటన్నర నుంచీ నిలబడి ఉన్నాం. గేటు తీశారు. వెనకనుంచి ఒక్కసారిగా తోపు! నా ముందు ఓ పెద్దాయన, ఆరేడేళ్ల మనవరాలి చెయ్యి పట్టుకుని నడుస్తున్నాడు. చెప్పు తెగిందో, పంచె కాలికి అడ్డం పడిందో, మనిషి బోర్లా పడిపోయాడు.

నేనేం చేశాను? ఆగానా? లేదు. ఒక్క గంతు వేసి ఆయన్ని దాటుకుని పరిగెత్తాను. బాల్కనీలో మధ్య సీటు దొరికింది. హీరో తెర మీదికి రాగానే చొక్కా విప్పి గాల్లో ఊపాను. ఆ క్షణంలో నా అంత అదృష్టవంతుడు గుంటూరులో లేడనుకున్నాను.

ఇంటర్వెల్లో సోడా కోసం కిందికి దిగితే ఆ పెద్దాయన మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. మోచేతికి తువ్వాలు చుట్టుకున్నాడు. దాని మీద నెత్తురు మరక. మనవరాలు ఏడ్చి ఏడ్చి ఆయన ఒళ్లో నిద్రపోయింది. అసలు లోపలికే రాలేదన్నమాట! నన్ను గుర్తుపట్టాడో లేదో నాకు తెలీదు. నా వంక చూసి చిన్నగా నవ్వి, "సినిమా బాగుందా బాబూ?" అని అడిగాడు.

అంతే. తిట్టలేదు. తిడితే బాగుండేది! బాగుంది తాతగారూ అనడానికి నోరు పెగల్లేదు. సోడా తాగకుండానే లోపలికి వెళ్లిపోయాను. ఆ సినిమా రెండో సగంలో ఏం జరిగిందో ఇవాళ్టికీ నాకు గుర్తు లేదు.

ఆ తర్వాత మొదటిరోజు సినిమాలు మానేశానని చెబితే అది అబద్ధం. మానలేదు. ఈలలూ మానలేదు. కానీ గేటు తీసే చప్పుడు విన్నప్పుడల్లా ఆ మాట చెవిలో పడుతూనే ఉంటుంది.

తొక్కిసలాట అంటాం గానీ, అలాంటి చోట్ల చాలాసార్లు ప్రాణం తీసేది కాళ్లు కాదు. ముందువాళ్లు ఆగిపోతారు. ఆ సంగతి వెనకవాళ్లకి కనిపించదు, తోస్తూనే ఉంటారు. మధ్యలో ఉన్నవాళ్ల ఛాతీకి ఊపిరి పీల్చుకునే జాగా ఉండదు. నిలబడ్డవాళ్లు నిలబడ్డట్టే ఊపిరాడక కూలిపోతారు. తోసేవాడికి తాను ఎవర్నీ చంపుతున్నట్టే ఉండదు. వాడికి కావలసింది ఒక్క అడుగు ముందుకి, అంతే! ఇదంతా క్రాస్‌రోడ్స్ ఘటన తర్వాత కూర్చుని చదివాను. చదువుతున్నంతసేపూ గుంటూరు మెట్లే కళ్లముందు కదిలాయి.

ఆ రాత్రి అన్నాలయ్యాక అమ్మకి రెండు కారణాలూ చెప్పేశాను. మొదటిది ఆమెకు తెలుసు. రెండోది విని కాసేపు మాట్లాడలేదు. కంచం తీస్తూ తీస్తూ అంది: "సరేలే. ఈసారి ఆగు."

*

ఆ చిత్రాన్ని త్రీడీలోనూ వేశారు, మామూలుగానూ వేశారు. "కళ్లజోడు మీద కళ్లజోడు నావల్ల కాదురా! మీ నాన్న చూపిస్తానన్నది మామూలు బొమ్మే" అంది అమ్మ. సరేనని మామూలు ఆటకే రెండు టిక్కెట్లు తీశాను. ఫస్ట్ షోకి.

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి, ఎంజీబీఎస్ దగ్గర రైలు మారి, క్రాస్‌రోడ్స్ స్టేషన్లో దిగాం. పైనుంచి మెట్లు దిగుతుంటేనే బిర్యానీ వాసన. హైదరాబాదులో సినిమా పిచ్చికి రాజధాని ఏదంటే ఈ నాలుగు రోడ్ల కూడలే! సంధ్య, దేవి, సుదర్శన్... ఈ పేర్లు తెలియని తెలుగు హీరో అభిమాని ఉంటాడా? సుదర్శన్ 70 ఎం.ఎం. కూల్చేసి చాలాకాలమైంది. ఓడియన్ పాత రూపూ పోయింది. అయినా శుక్రవారం వచ్చిందంటే ఇక్కడ డప్పులు మోగవలసిందే, కటౌట్లకి దండలు పడవలసిందే. మేం వెళ్లిన హాలు ముందు కూడా తీన్మార్ దుమ్ము లేపేస్తున్నారు. నలుగురు కుర్రాళ్లు నిచ్చెనేసుకుని చిరంజీవి ఫ్లెక్సీకి గజమాల వేస్తుంటే, అమ్మ ఆగి మరీ చూసింది.

"శ్రీదేవికి వెయ్యరేరా?" అని అడిగింది. నేనేం చెప్పను!

మ్యాట్నీ వదిలిపెట్టడం ఆలస్యమైంది. గేటు బయట జనం చిక్కబడ్డారు. లోపలివాళ్లు బయటికి రావాలి, బయటివాళ్లు లోపలికి పోవాలి. ఇంతలో గేటు ఒక రెక్క తెరిచారు. ఓ... అని ఒకటే అరుపు!

నిజం చెబుతున్నాను, నా కాళ్లు కదిలాయి. ముప్పై దాటిన మనిషిని, పక్కన అరవైకి దగ్గరపడిన తల్లి ఉంది, అయినా గేటు చప్పుడు వినగానే నా కాళ్లకి గుంటూరు గుర్తొచ్చింది. ఆ క్షణంలో నా మోచేతి మీద అమ్మ చెయ్యి బిగుసుకుంది. ఆగాను. ఆమెని పక్కనున్న స్తంభం వైపు తిప్పి, నేను జనానికి అడ్డంగా నిలబడ్డాను.

"ఏమన్నా, లోపలికి పోవా?" అన్నాడు వెనకనుంచి ఓ కుర్రాడు, విసుగ్గా.

"పోతాం తమ్ముడూ, ముందు నువ్వు పో."

వాడు అమ్మని చూశాడు. ఏమనుకున్నాడో ఏమో, వాడూ ఆగాడు. వాడితో వచ్చిన ఇద్దరు స్నేహితులూ ఆగారు. ముగ్గురూ నా పక్కన నిలబడేసరికి స్తంభం దగ్గర అమ్మకి గాలాడేటంత చోటు మిగిలింది. జనం మా పక్కనుంచి పోతూనే ఉన్నారు. ఇందులో విచిత్రమేమిటో చెప్పనా? అందరి ఫోన్లలోనూ సీటు నంబరుంది! ఆ సీట్లో ఇంకెవరూ కూర్చోరు. నేల టిక్కెట్టు రోజుల్లో పరిగెత్తారంటే అర్థముంది, పరిగెత్తినవాడికే మంచిచోటు దొరికేది. ఇప్పుడెందుకీ పరుగు? సీటు కోసం కాదు. పక్కవాడు పరిగెత్తుతున్నాడు కాబట్టి!

మేం గేటు దగ్గరికి వచ్చేసరికి పది నిమిషాలైంది. గేటుమనిషి నా ఫోనుని మిషనుతో కుయ్యిమనిపించి లోపలికి పొమ్మన్నాడు.

"ముక్క ఇవ్వరా?" అంది అమ్మ.

"ఏం ముక్కమ్మా?" అన్నాడాయన.

టిక్కెట్టు ముక్క! నాన్న డైరీలో పెట్టాలనుకుంది పిచ్చితల్లి. ఇప్పుడు కాయితం టిక్కెట్టు లేదమ్మా, అంతా ఫోన్లోనే అని చెప్పాను. మొహం చిన్నబుచ్చుకుంది.

లోపలికి వెళ్లేసరికి బొమ్మ మొదలైపోయింది.

"పేర్లు పడిపోయాయా?" అని అడిగింది అమ్మ చీకట్లో. అవునన్నాను. ఇప్పటి కుర్రాళ్లకి అర్థం కాకపోవచ్చు గానీ, మా అమ్మ తరం వాళ్లకి పేర్లు పడే దగ్గర్నుంచి చూడకపోతే సినిమా చూసినట్టే కాదు. ముప్పై అయిదేళ్లు ఆగి, ఆఖరి పది నిమిషాల దగ్గర పేర్లు పోగొట్టుకుంది. ఆగమన్నది ఆమే, ఆగినందుకు నష్టపోయిందీ ఆమే. నా మనసు చివుక్కుమంది.

"ఏం పోలేదమ్మా. పేర్లే గదా, అసలు సినిమా ముంగటున్నది" అన్నాడు పక్క సీట్లోంచి ఎవరో. చూద్దును కదా, స్తంభం దగ్గర ఆగిన కుర్రాడే! అశోక్‌నగర్‌లో గదిలో ఉండి గ్రూప్-2కి చదువుతున్నాడట. సొంతూరు వరంగల్ దగ్గర. ఈ సినిమా వచ్చినప్పటికి వాడు పుట్టనే లేదు.

*

ఇక హాల్లో సందడి చెప్పనలవి కాదు. జంధ్యాల మాట తెర మీద పలికేలోగా హాలంతా పలికేస్తోంది. రంగుకాయితాలు పైనుంచి జల్లులా పడుతున్నాయి. మొదట్లో అమ్మ మొహం చిట్లించుకుంది. "ఒక్క మాటా వినపడనివ్వరేంట్రా!" అంది. కాసేపటికి, "నాకంటే వీళ్లకే బాగా వచ్చే!" అని నవ్వడం మొదలుపెట్టింది. పాట వచ్చేసరికి పక్క కుర్రాడు లేచి తెర ముందుకి ఉరికాడు. చెమటలు కక్కుతూ తిరిగొచ్చాడు. అమ్మ సంచిలోంచి నీళ్లసీసా తీసి ఇచ్చింది. "తాగు బాబూ. పరీక్షలకి చదువుకోవాల్సినవాడివి, జలుబు చేయించుకోకు" అంది.

కాలు దెబ్బతిన్న పిల్ల కోసం మూలిక తేవడానికి రాజు మానస సరోవరానికి వెళ్లడం, అక్కడికి ఇంద్రజ దిగిరావడం, ఆమె ఉంగరం రాజుకి దొరకడం... కథ మీకు తెలిసిందే. శ్రీదేవి తెరనిండా కనిపించిన ఆ క్షణంలో అమ్మ ముందుకు వంగి కూర్చుంది. టీవీ పెట్టెలో జానెడు ఉండే మనిషి ఇప్పుడు రెండంతస్తుల ఎత్తున నవ్వుతోంది. ఆ కళ్లే మనిషంత ఉన్నాయి! హాలంతా ఫోన్లలో లైట్లు వెలిగించింది.

అమ్మ తెర మీంచి చూపు తిప్పకుండానే, "మీ నాన్న ఉంటే ఈపాటికి రెండు ఈలలు వేసేవారు" అంది.

"ఏమంటున్నది అమ్మ?" అని కుర్రాడు నన్నడిగాడు. చెప్పాను. వాడు మరేమీ మాట్లాడలేదు. రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని, లెక్కగా రెండే రెండు ఈలలు వేశాడు. హాలు అదిరిపోయింది.

అమ్మ నవ్విందో ఏడ్చిందో నేను చూడలేదు. చూడకూడదనిపించింది.

చాలామంది అంటుంటారు: ఇంట్లో పెద్ద టీవీ ఉంది, సోఫా ఉంది, హాలుకి పోయి ఈ గోల భరించడం దేనికని. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. మా అమ్మకి ఆ పూట సగం మాటలు వినపడలేదు, పేర్లు పోయాయి, కుర్చీ స్ప్రింగు గుచ్చుకుంది. కానీ మా నాన్న ఈలని నాన్న పేరే తెలియని ఓ కుర్రాడు వెయ్యడం ఇంట్లో జరగదు. పెద్ద హాల్లో మనం డబ్బిచ్చి కొనుక్కునేది తెర ఒక్కదాన్నే కాదు, పక్క సీటు మనిషిని కూడా. వాడు మంచివాడైతే సినిమా బాగుంటుంది. ఆ లెక్కన పక్కవాడికి పక్క సీటు మనిషిని నేనే కదా! నేను మంచివాణ్ని కాకపోతే? గుంటూరు పెద్దాయనకి నేను ఎలాంటి మనిషిని దొరికాను? ఇంతమంది పక్క సీటు మనుషులు గేటు దగ్గర మాత్రం ఒకరికొకరు ఎందుకు శత్రువులైపోతారో, సినిమా నడుస్తున్నంతసేపూ అదే ఆలోచన.

శుభం పడింది. జనం లేచారు. మేం లేవలేదు. హాలు ఖాళీ అయ్యేదాకా కూర్చుందామంది అమ్మ. జడలో చిక్కుకున్న రంగుకాయితం ముక్కలు ఒక్కొక్కటే తీసి పారేస్తూ, ఒక నీలం ముక్కని మాత్రం పర్సులో దాచుకుంది. ఎందుకని అడగలేదు. ఇవాళ అది డైరీలో ఉంది. పక్కన తేదీ, హాలు పేరు, నా పేరు. కుర్రాడి పేరు అడగడం మరిచిపోయామని దానికింద 'ఈల వేసిన బాబు' అని రాసింది.

బయటికి వచ్చేసరికి సెకండ్ షో జనం గేటు దగ్గర అప్పుడే చిక్కబడుతున్నారు. వచ్చేవాళ్లని అడగడం ఎప్పుడూ ఉన్నదే కదా! ముందు వరసలోంచి ఓ కుర్రాడు, ఇరవై ఏళ్లుంటాయేమో, మెడలో చిరంజీవి బొమ్మ కండువా, గేటు ఎప్పుడు తీస్తారా అని ముని కాళ్ల మీద నిలబడి అమ్మని అడిగాడు:

"అమ్మా, సినిమా బాగుందా?"

నాకు గుండె ఒక్కసారి ఆగినట్టయింది. అమ్మ ఆగి, వాడి భుజం తట్టింది.

"చాలా బాగుంది బాబూ. ఎక్కడికీ పోదు. మెల్లిగా వెళ్లండి."

అదండీ సంగతి. నాన్న బాకీ తీరింది. నా బాకీ తీరలేదు, ఆ పెద్దాయన ఎక్కడున్నాడో నాకు తెలీదు. ఇది చదువుతున్న మీలో ఎవరైనా వచ్చే శుక్రవారం ఏదో ఒక గేటు ముందు ముని కాళ్ల మీద నిలబడి ఉంటే, ఈలలు వెయ్యండి, కాయితాలు ఎగరెయ్యండి, తెర ముందు చిందులెయ్యండి. గేటు తీసినప్పుడు మాత్రం ఒక్కసారి మీ ముందు ఎవరున్నారో చూడండి. పేర్లు పోతే పోనివ్వండి.